నాలుగొందల అడుగుల బావమరిది

మా బావమరిదికి మనుషులు నడినెత్తిని బట్టి గుర్తుంటారు. పెళ్ళిలో ఎవరైనా ఎదురొచ్చి "ఏరా, గుర్తుపట్టావా?" అంటే తెల్లమొహం వేస్తాడు. ఆయన వంగి చెప్పులు విప్పుకుంటుంటే మాత్రం "షాద్‌నగర్ వెంచర్ భూమిపూజలో పంతులుగారి ఎడంపక్కన కూర్చున్నారు కదండీ" అంటాడు. వృత్తి అలాంటిది మరి. హైదరాబాదు చుట్టుపక్కల ప్లాట్లు వేసేవాళ్ళకి డ్రోన్ వీడియోలు తీస్తాడు. తీస్తాడంటే వాడొప్పుకోడు. "ల్యాండ్‌ని ప్రెజెంట్ చేస్తాను బావా" అంటాడు.

ఇలాంటివాడొకడు మీకూ తెలిసే ఉంటాడు. ఒంటి నిండా జేబులు, మెడలో రిమోటు, మనతో మాట్లాడుతూ మబ్బుల్లోకి చూసే అలవాటు. భోజనానికి పిలిస్తే గుమ్మంలో అడుగుపెట్టగానే వెతికేది ప్లగ్గు. బ్యాటరీలు ఛార్జింగులో పెట్టాకే కాళ్ళు కడుక్కుంటాడు. వాడున్న రోజున మా అత్తగారు కొబ్బరి పచ్చడికి మిక్సీ వెయ్యాలన్నా వాణ్ణడిగి వెయ్యాలి.

అయినా వాడి గర్వమంతా డ్రోన్ మీద కాదు, దానికి ముందున్న రిమోట్ హెలికాప్టర్ మీద. ఇంజనీరింగు ప్రాజెక్టని చెప్పి మా మామగారి చేత కొనిపించాడు. డ్రోన్‌దేముంది, ఉపగ్రహాల లెక్క చూసుకుని తనంతట తను గాల్లో నిలబడుతుంది, ఈలోగా టీ తాగి రావచ్చు. హెలికాప్టర్ అలా కాదు. వేళ్ళు ఏమరితే నేలకొరుగుతుంది. పైగా దాని మూతి మనవైపు తిరిగిందా, కుడికి తోస్తే మన ఎడమకి పోతుంది. "మూతి మనవైపు పెట్టి దాన్ని ఒక్క నిమిషం నిలబెట్టినవాడు పైలటు. ఈ డ్రోన్ పిల్లకాయలు బొత్తాలు నొక్కేవాళ్ళు" అంటాడు, తానూ బొత్తాలు నొక్కుతూనే.

దాని పొట్టకి స్పాంజి ముక్క అడ్డుపెట్టి, రబ్బరు బ్యాండ్లతో చిన్న కెమెరా కట్టేవాడు. రెక్కల అదురుకి బొమ్మంతా వణికేది. ఆ వణుకుతోనే ఒక బిల్డరుకి అయిదంతస్తుల అపార్ట్‌మెంటు తీసిచ్చాడు. చూసినవాళ్ళు ఆ ఏరియాలో భూకంపాలు ఎక్కువా అని అడిగారట. బిల్డరు డబ్బివ్వలేదు. ఆఖరికి హెలికాప్టర్ పక్కింటి డాబా మీద, ఆరబోసిన గుమ్మడి వడియాల మధ్య దిగింది. వడియాల నష్టపరిహారం మా అత్తగారు చెల్లించారు. విరిగిన రెక్క మాత్రం వాళ్ళ హాల్లో షోకేసులో ఉంది, మా ఆవిడకి స్కూల్లో వచ్చిన కప్పుకి ముందు వరసలో.

వాడి వంశవృక్షం కూడా వేరు. 1858లో పారిస్ శివార్లలో బెలూనెక్కి ఫొటో తీసిన నాదార్ దగ్గర మొదలవుతుంది. 1906 భూకంపం తర్వాత గాలిపటాలకి కెమెరా కట్టి శాన్‌ఫ్రాన్సిస్కో శిథిలాలు తీసిన జార్జి లారెన్స్ మీదుగా నేరుగా వాడి దగ్గరికొచ్చి ఆగుతుంది. ఎమ్మార్వో ఆఫీసులో గుమాస్తాగా రిటైరైన మా మామగారు అందులో ఎక్కడా తగలరు. "ఆ లారెన్సు ఉన్నదున్నట్టు తీశాడు కదరా" అన్నానొకసారి. "ఆయన శిథిలాలేం ప్లాట్లుగా అమ్మట్లేదు బావా" అన్నాడు.

2014 అక్టోబరులో డీజీసీఏ ప్రైవేటువాళ్ళెవరూ డ్రోన్లు ఎగరెయ్యకూడదని నోటీసిచ్చింది. మళ్ళీ నిబంధనలు అమల్లోకొచ్చింది 2018 డిసెంబరులో. ఆ నాలుగేళ్ళనీ వాడు తన అజ్ఞాతవాసం అంటాడు. నాకు తెలిసి పాండవులు ముహూర్తమున్న ప్రతి కల్యాణమండపం మీదా చక్కర్లు కొట్టలేదు.

2021 డ్రోన్ రూల్స్ మాత్రం కంఠోపాఠం. 250 గ్రాముల దాకా నానో. దాటితే మైక్రో. మైక్రోతో డబ్బు సంపాదించాలంటే పైలట్ సర్టిఫికెట్ ఉండాలి. వాడి చిన్న డ్రోన్ బరువు 249 గ్రాములు. దసరా ఆయుధపూజకి మా అత్తగారు దానికి బొట్టుపెట్టి, ఎర్రదారంతో నిమ్మకాయ కట్టారు. "అమ్మా, నిమ్మకాయతో ఇది మైక్రో అయిపోతుందే!" అని లబలబలాడాడు. దిష్టి తగిలితే ఏమవుతుందో నీకు తెలుసా అన్నారావిడ. నిమ్మకాయ విప్పించడానికి వాడు గెజిట్ చదివి వినిపించాడు. బొట్టు పడింది లెన్సు మీద. ఆ వారం తీసిన వెంచర్లన్నిటికీ సూర్యోదయం ఉత్తరాన అయింది.

అదే రూల్స్‌లో ఇంకో తమాషా ఉంది. విమానాశ్రయం ప్రహరీకి 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్యనైతే అనుమతి లేకుండా 200 అడుగులు దాటకూడదు. ఆ అవతల గ్రీన్ జోన్‌లో 400 అడుగుల దాకా ఎగరొచ్చు. వాడు తీసే ప్రతి వెంచరూ బ్రోచరులో ఎయిర్‌పోర్టుకి కూతవేటు దూరం. ప్రతి వెంచర్లోనూ డ్రోన్ ఏ అనుమతీ లేకుండా 400 అడుగులు లేస్తుంది. ఈ రెండూ ఎలా కుదిరాయిరా అంటే, గాలి ఎటుందో చూడాలని లేచిపోతాడు.

పనిలో నేర్పు ఉంది, కాదనను. ఎండాకాలంలో ఎవరు పిలిచినా వెళ్ళడు. రెండు వానలు పడి, రాళ్ళనేల కూడా పచ్చబడ్డాకే కెమెరా తీస్తాడు. పొద్దున్నే, నీడలు పొడుగ్గా ఉన్నప్పుడు తీస్తే మూరెడు అవెన్యూ మొక్క కూడా చెట్టనిపిస్తుంది. హైటెన్షన్ తీగలు వీపు వెనక్కి పోతాయి. శ్మశానం మీదికి ఆర్చి కొస వచ్చి కూర్చుంటుంది. ఇంకా పడని రీజినల్ రింగురోడ్డు పసుప్పచ్చ గీతగా మెరుస్తూ పరిగెడుతుంది. ఒకప్పుడు చెరువు కనిపిస్తే "లేక్ వ్యూ" అని దాని చుట్టూ మూడు ప్రదక్షిణలు చేసేవాడు. 2024 జులైలో హైడ్రా వచ్చి, చెరువుల్లో కట్టినవి కూల్చడం మొదలయ్యాక ఆ చెరువుల్నే ఫ్రేములోంచి ఖాళీ చేయిస్తున్నాడు. కొన్ని వెంచర్ల పాత వీడియో, కొత్త వీడియో పక్కపక్కన పెట్టి చూస్తే రెండు వేర్వేరు జిల్లాలనుకుంటాం.

మా గృహప్రవేశానికి ఫొటోగ్రాఫరెందుకు, నేనున్నాను కదా అన్నాడు. ఉన్నాడు. ఆవు డ్రోన్ మోతకి బెదిరి, ఇంట్లోకి రానని పక్కింటి గేటు తోసుకుని పోయింది. పాలు పొంగించడం వంటింట్లో జరిగింది కాబట్టి వీడియోలో లేదు. వాటర్ ట్యాంకు నాలుగు వైపులనుంచీ ఉంది. నా మొహం ఎక్కడా లేదు. నా నడినెత్తిన రూపాయి బిళ్ళంత ఖాళీ ఏర్పడిందన్న సంగతి మాత్రం మా వియ్యాలవారితో సహా అందరికీ ఒకేసారి తెలిసింది. "కార్నర్ బిట్ బావా" అన్నాడు.

ఇంతా అని, పోయిన సంక్రాంతికి వాణ్ణి మా ఊరు పిలిపించింది నేనే. మా పాలివాడు గట్టు జరిపాడని నా అనుమానం. పైనుంచి ఒక్క ఫొటో ఉంటే సర్వేయరుకి చూపించొచ్చని ఆశ. వాడు మంచు విడిచేదాకా ఆగి, పంటకాలువ మీదనుంచి మెల్లగా లేపి, కొంగలు లేచే వేళకి మా చేను మీదికి తెచ్చాడు. గట్టు దగ్గరికి దించరా, ఇంకాస్త దించరా అని నేను వెనకనుంచి వాడి చొక్కా లాగుతూనే ఉన్నాను. దించలేదు. ఇంత కాంపోజిషన్ పాడుచేస్తానా అన్నాడు. సాయంత్రానికి సన్నాయి పాట తగిలించి, "త్వరలో... ఫేజ్-2" అన్న అక్షరాలు అలవాటుగా పడిపోయి ఉండగా, బంధువుల వాట్సాప్ గ్రూపులో పెట్టేశాడు.

రాత్రి భోజనాల దగ్గర ఫోను మోగింది. మా పాలివాడే. "అన్నయ్యా, వెంచర్ వేస్తున్నావటగా, మనలో మనకి గజం ఎంతకిస్తావు?" అన్నాడు. ఆ గట్టు సంగతి అడుగుదామని నోటిదాకా వచ్చింది. ఈలోగా వాడే, "ఈస్ట్ ఫేసింగేనా?" అన్నాడు.

"ఈస్టే. కాలువ వ్యూ కూడా ఉంది" అన్నాను.