జర్మనీకి ఉస్మానియా వైద్యం

జర్మనీ ఆర్థిక వ్యవస్థ ఎంత కుంగితే ఉస్మానియా పక్కన తార్నాకలో కన్సల్టెన్సీల జర్మనీ బోర్డు అంత పెరుగుతుంది. ఈ సూత్రం ఏ అర్థశాస్త్ర గ్రంథంలోనూ దొరకదు. మెట్రో దిగి నాలుగడుగులు వేస్తే మాత్రం కళ్ళారా కనబడుతుంది. 2023లో ఆ దేశపు జీడీపీ తగ్గింది, 2024లో మళ్ళీ తగ్గింది. రష్యా గ్యాస్ ఆగిపోయింది. చివరికి మిగిలిన మూడు అణు విద్యుత్ కేంద్రాలనూ 2023 ఏప్రిల్‌లో వాళ్ళే ఆర్పేసుకున్నారు. ఎలక్ట్రిక్ కార్లలో చైనా వాళ్ళను దాటేసింది. 2030 లోగా 35 వేల ఉద్యోగాలు తగ్గించుకుంటామని ఫోక్స్‌వ్యాగన్ 2024 డిసెంబర్‌లో యూనియన్‌తో ఒప్పందం రాసుకుంది. తార్నాక బోర్డు మాత్రం చెక్కుచెదరలేదు: జర్మనీలో ఫ్రీ ఎడ్యుకేషన్!

ఫ్రీ అంటే చాలా ప్రభుత్వ యూనివర్సిటీల్లో నిజంగానే ఫ్రీ. కాకపోతే వీసా కావాలంటే బ్లాక్డ్ అకౌంట్‌లో 11,904 యూరోలు ముందే వేసి చూపించాలి. మన లెక్కలో సుమారు 12 లక్షలు. చదువుకు డబ్బు అడగరు, బతుకుతామని పూచీకత్తు అడుగుతారు. ఊళ్ళో ఎకరమో అర ఎకరమో అమ్మిన నాన్నకు ఈ తేడా అర్థం కావడానికి కొంత టైం పడుతుంది.

జడ్ఎఫ్ అని ఒక జర్మన్ కంపెనీ ఉంది, కార్లకు గేర్‌బాక్సులు చేస్తుంది. 2028 లోగా స్వదేశంలో 14 వేల దాకా ఉద్యోగాలు తీసేస్తామని 2024లో ప్రకటించింది. అదే కంపెనీ టెక్నాలజీ సెంటర్ 2017 నుంచి మన నానక్‌రామ్‌గూడలో నడుస్తోంది. అక్కడ పోయినవన్నీ ఇక్కడికే వచ్చాయని నేననను. కానీ మన పిల్లాడు ఆటోమోటివ్ ఇంజనీరింగ్‌లో ఎంఎస్ చేద్దామని అటు విమానం ఎక్కుతున్నాడు, ఉద్యోగం చౌక మనిషిని వెతుక్కుంటూ ఇటు విమానం ఎక్కుతోంది. దుబాయ్ ఎయిర్‌పోర్టులో ఇద్దరూ పక్కపక్క కుర్చీల్లోనే కూర్చుంటారు. పలకరించుకోరు.

ఇక ఉస్మానియా క్యాంపస్ సంగతి. ఇప్పుడు ఎక్కడ చూసినా యూరప్ పోటీతత్వం మీద సెమినార్ల సీజన్. ఫ్లెక్సీ ఒకే తీరు, సమోసా ఒకే తీరు, ప్రసంగం కూడా ఒకే తీరు. వక్త యూరోపియన్ సెంట్రల్ బ్యాంకు మాజీ అధ్యక్షుడు మారియో ద్రాగీతో మొదలుపెడతాడు. ద్రాగీ 2024 సెప్టెంబర్‌లో ఇచ్చిన నివేదిక ప్రకారం యూరప్ గాడిన పడాలంటే ఏటా అదనంగా 750 నుంచి 800 బిలియన్ యూరోలు పెట్టుబడి పెట్టాలి. వక్త ఈ ముక్కను మాత్రం గబగబా దాటేస్తాడు. డబ్బు పెట్టాలనే మాట సెమినార్లకు రుచించదు. అక్కణ్ణుంచి ఆయనకిష్టమైన చోటికి వస్తాడు: కార్మిక చట్టాలు సడలించాలి, శాశ్వత ఉద్యోగం అనే జాడ్యం పోవాలి, పింఛను భారం దించాలి, జనం ఇంకొంచెం ఎక్కువ పని చేయాలి. యూజీసీ స్కేలు, పింఛను, క్వార్టర్సు ఉన్న మనిషి ఈ మాటలు చెబుతుంటే మైకు వైరు సరిచేస్తూ పక్కన నిలబడేది ఒక కాంట్రాక్టు అసిస్టెంట్ ప్రొఫెసర్. ఆయనకు స్కేలు లేదు, పింఛను లేదు, వచ్చే ఏడాది ఉంటాడో లేడో కూడా తెలీదు. వందన సమర్పణ మాత్రం ఆయనదే.

ఆ వైరు దగ్గరే నాకు అనుమానం మొదలైంది. ఉస్మానియాలో పదేళ్ళకు పైగా రెగ్యులర్ అధ్యాపక నియామకాలు లేవు. మంజూరైన పోస్టుల్లో సగానికి పైగా ఖాళీ. పాఠాల భారం చాలావరకు కాంట్రాక్టు, పార్ట్‌టైం వాళ్ళ భుజాల మీదే. అంటే జర్మనీకి ఏ మందు రాస్తున్నారో ఆ మందు ఇక్కడ దశాబ్దానికి పైగా పొద్దునా సాయంత్రం పట్టిస్తున్నారు. ఉద్యోగ భద్రతను తీసేస్తే పోటీతత్వం పెరిగేదే అయితే ఈపాటికి ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద హైడెల్‌బర్గ్ విద్యార్థులు అడ్మిషన్ కోసం పడిగాపులు కాస్తుండాలి. వాళ్ళు రాలేదు. మనవాళ్ళే అటు పోతున్నారు. పోయేవాళ్ళలో మొదటి బెంచీ పిల్లలున్నారు, మొన్నటిదాకా వాళ్ళకు పాఠం చెప్పిన సార్లూ ఉన్నారు. బీ1 జర్మన్ క్లాసులో గురుశిష్యులు ఒకే బెంచీ మీద ఎదురైతే, "ఏం సార్, మీరు గూడానా?" అని శిష్యుడు అడగకుండా ఎలా ఉంటాడు?

ఆ ఆర్ట్స్ కాలేజీ భవనాన్ని గీసింది కూడా యూరప్ మనిషే, బెల్జియం వాడు ఎర్నెస్ట్ జాస్పర్. 1939లో ప్రారంభమైంది. పని వెతుక్కుంటూ యూరప్ వాళ్ళు ఈ ఊరికి వచ్చిన రోజులవి. నిజాం ఆయన్ని బ్లాక్డ్ అకౌంట్ అడిగి ఉండడు.

మందు సంగతి చెబుతూ వైద్యుడి సంగతి చెప్పకపోతే పాపం. జర్మనీ ఇంతకుముందు కూడా ఒకసారి మంచం పట్టింది. 2003లో చాన్సలర్ ష్రోడర్ అజెండా 2010 అంటూ చికిత్స మొదలుపెట్టాడు. అందులో నిరుద్యోగ భృతిని కత్తిరించే భాగానికి పీటర్ హార్ట్స్ పేరే నిలిచిపోయింది. ఈయన అప్పట్లో ఫోక్స్‌వ్యాగన్‌లో సిబ్బంది వ్యవహారాల పెద్ద. అదే కంపెనీలో కార్మిక ప్రతినిధుల నాయకుడికి కంపెనీ సొమ్ముతో అక్రమంగా లబ్ధి చేకూర్చినందుకు 2007లో కోర్టు ఆయనకు రెండేళ్ళ సస్పెండెడ్ శిక్ష, 5 లక్షల 76 వేల యూరోల జరిమానా వేసింది. నిరుద్యోగి పొదుపుగా బతకడం ఎలాగో దేశానికి నేర్పిన మహానుభావుడు! హార్ట్స్ సంస్కరణల వల్ల నిరుద్యోగం తగ్గిందని మెచ్చుకునేవాళ్ళున్నారు, చవక జీతాల ఉద్యోగాలు పెరిగాయని తిట్టేవాళ్ళూ ఉన్నారు. సెమినార్‌లో మొదటి సగమే వినిపిస్తుంది.

ఇప్పటి చాన్సలర్ మెర్ట్స్ 2025 మేలో జనం ఇంకా ఎక్కువ పని చేయాలన్నాడు, వారానికి నాలుగు రోజుల పనితో సంపద నిలవదన్నాడు. ఆయన ఇంకా మాటల దగ్గరే ఉన్నాడు, పాపం. మనం ఆగలేదు. అదే ఏడాది ఆంధ్రప్రదేశ్‌లో ఒక నెలా, తెలంగాణలో ఇంకో నెలా రోజుకు పది గంటల పనికి దారి తెరిచారు. ఎన్ని విషయాల్లో కొట్టుకున్నా రెండు రాష్ట్రాలూ కార్మికుడి నడుము దగ్గర ఏకాభిప్రాయానికి వచ్చాయి.

అందుకని జర్మనీ ప్రభుత్వానికి నాదొక ప్రతిపాదన. ఆ నివేదికలన్నీ కట్టిపెట్టి ఒక ప్రతినిధి బృందాన్ని తార్నాకకు పంపండి. మెర్ట్స్ గారే వస్తే మరీ మంచిది. వారం రోజుల వర్క్‌షాప్ పెడతాం. పోస్టు ఖాళీగా ఉంచి పని ఆగకుండా చూడటం ఎలా, ఒకే మనిషిని ఏడాదికోసారి కొత్తగా తీసుకోవడం ఎలా అన్నవి మొదటి రెండు పాఠాలు. నిరసనల నివారణ మూడోది. విభాగాల్లో, కాలేజీల్లో, పరిపాలన భవనంలో ధర్నాలు, నినాదాలు కూడదని 2025 మార్చిలో ఉస్మానియాలో సర్క్యులరే ఇచ్చారు కాబట్టి స్టడీ మెటీరియల్ సిద్ధంగానే ఉంది. బెర్లిన్‌లో ఇంత దూరం ఆలోచించినవాళ్ళు లేరు. పాఠాలు చెప్పేది కాంట్రాక్టు అధ్యాపకులే, సబ్జెక్టు మీద పట్టు వాళ్ళకే ఉంది.

బస గెస్ట్‌హౌస్‌లో. నీళ్ళు పొద్దున వస్తాయి, పట్టి పెట్టుకోవాలి. ప్రయాణ ఖర్చులు మొదట మీరే పెట్టుకోండి. బోర్డింగ్ పాసులు జతచేసి మూడు ప్రతుల్లో బిల్లు ఇస్తే, ఆడిట్ అభ్యంతరాలు తీరాక, బడ్జెట్ విడుదలను బట్టి చెల్లిస్తాం.