ఎనభయ్యో అక్షరం

మా ఆఫీసులో కోడు తప్పుగా రాస్తే క్షమిస్తారు గానీ, పొడుగ్గా రాస్తే క్షమించరు. అది పని చేస్తుందా లేదా అన్నది తర్వాతి సంగతి. లైను 79 అక్షరాలు దాటిందో లేదో చూడటానికి లింటర్ అనే కాపలాదారు ఉన్నాడు. ఎనభయ్యోది ఉత్త కామా అయినా సరే, కోడు మొత్తం వెనక్కి కొడతాడు.

ఈ ఎనభై గొడవ ఇప్పటిది కాదు. 1928లో ఐబీఎం తెచ్చిన పంచ్ కార్డుకి 80 నిలువు వరసలు. కార్డులు పోయి టెర్మినళ్ళు వచ్చాయి, తెర వెడల్పూ అదే 80. ఇప్పుడు నా బల్ల మీద 27 అంగుళాల మానిటర్ ఉంది. ఎడమ పక్కన కోడు, మిగతాదంతా ఖాళీ జాగా. కోకాపేటలో గజం ధర తెలిసినవాణ్ణి, చూస్తుంటే కడుపు తరుక్కుపోతుంది.

హద్దులో ఇమడటానికి మావాళ్ళు కనిపెట్టిన ఉపాయం పేర్లు కత్తిరించడం. 'కస్టమర్ బిల్లింగ్ అడ్రస్' అని లక్షణంగా ఉన్న పేరు మొదట 'కస్ట్ బిల్ అడ్ర్' అయింది, తర్వాత 'సీబీఏ' అయింది. కొత్తగా చేరిన అమ్మాయి "అన్నా, సీబీఏ అంటే ఏంది?" అని అడిగింది. ఎవరికీ తెలీదు. రాసినవాడు కంపెనీ మారాడు. ఆ పిల్ల సాయంత్రం దాకా పాత ఫైళ్ళు తవ్వుతూనే ఉంది. లింటర్ మాత్రం పచ్చ టిక్కు పెట్టి హాయిగా ఉన్నాడు.

అలాగని హద్దే వద్దనను. రెండు ఫైళ్ళు పక్కపక్కన పెట్టి రివ్యూ చేసేవాడికి పొట్టి లైన్లే సుఖం. ఇఫ్‌లో ఇఫ్, దానిలో ఫర్, మళ్ళీ ఇఫ్ పెట్టుకుంటూ పోతే కోడు కుడివైపుకి జరక్క ఏం చేస్తుంది? మూడు అంచెలు దాటాల్సి వస్తే ముందు ప్రోగ్రామును సరిచేసుకోమని లినక్స్ కెర్నెల్ నియమావళే మొట్టికాయ వేస్తుంది. ఆ లినక్స్‌లోనే 2020లో హెచ్చరిక గీతను 80 నుంచి 100కి జరిపారు. పైథాన్‌వాళ్ళ పెప్ 8 నియమావళి కూడా 79 అంటూనే, టీమంతా ఒప్పుకుంటే 99 దాకా పొమ్మంటుంది. గో భాషవాళ్ళు అసలు హద్దే పెట్టుకోలేదు.

కాబట్టి టీమ్ లీడు మహాశయులకు నా విన్నపం. గీత 100 దగ్గర గీయండి. లింటర్ని హెచ్చరించమనండి గానీ గేటుకి తాళం వెయ్యనివ్వకండి. లైను మరీ సాగితే అందులో కొంత పనిని వేరే ఫంక్షన్‌లోకి తీయించండి. పేర్ల జోలికి మాత్రం ఎవర్నీ పోనివ్వకండి. లైను పొడుగైతే పక్కకి జరుపుకుని చదువుకుంటాం. పేరు పొట్టిదైతే రాసినవాడికి ఫోన్ చెయ్యాలి, వాడు ఎత్తడు.