బొటనవేలు ఎత్తితే చదువొచ్చినట్టే

ఆ సర్క్యులర్ మీకూ అందే ఉంటుంది. వాట్సాప్ గ్రూపుల పుణ్యమా అని నాకు ఏడుసార్లు వచ్చింది. పాఠం మధ్యలో మూడుసార్లు ఆగాలి. అర్థమైనవాళ్లు బొటనవేలు పైకెత్తాలి, కానివాళ్లు కిందికి దించాలి. ఫొటో తీసి యాప్‌లో ఎక్కించాలి. ఎక్కకపోతే కిటికీ దగ్గర సిగ్నల్ వెతుక్కోవాలి.

మా తాతల కాలంలో వేలిముద్రగాడంటే చదువు రానివాడు. ఇప్పుడు చదువొచ్చిందనడానికి ఆ వేలే సాక్ష్యం. పాపం ద్రోణుడు ఒక్క బొటనవేలితో సరిపెట్టుకున్నాడు. మాకు పీరియడుకు 120 కావాలి.

మొన్న ఎనిమిదో తరగతికి రంప పోరాటం చెబుతున్నాను. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద వరసగా పడి తుపాకులు పట్టుకుపోయిందన్నాను. "అర్థమైందా?" వేళ్లు లేచాయి. చివరి బెంచీ పిల్ల ఒక్కతే ఎత్తలేదు. ముందు బెంచీలో ఒకడు రెండు చేతులూ ఎత్తాడు గనక లెక్క సరిపోయింది. 40కి 40.

అక్కడితో ఊరుకోవలసింది. "స్టేషన్ల మీదే ఎందుకు పడ్డార్రా?" అని అడిగాను. "హీరో కదా సార్!" సినిమా బాగానే అర్థమైంది. 1882 మద్రాసు అటవీ చట్టం, పోడు కొట్టుకోనివ్వకపోవడం, రోడ్డు పనుల్లో వెట్టి, అన్నీ పది నిమిషాల క్రితం చెప్పినవే.

ఇక నాకు నవ్వు రావడం లేదు. అర్థం కాలేదన్న పిల్లాణ్ణి తరతరాలుగా బెంచీ ఎక్కించింది మనమే. వాడిప్పుడు నలుగురిలో, పైగా ఫొటోలో, వేలు కిందికి దించుతాడా? రోజూ వాడిచేత దొంగసాక్ష్యం చెప్పించి, దాన్ని ప్రగతి అని పైకి పంపుతున్నాం. సిగ్గుండాలి. పిల్లాడికి ఏం తెలిసిందో వాడు తప్పు చెప్పినప్పుడే బయటపడుతుంది. తప్పు చెప్పనివ్వడానికి టైము కావాలి. ఆ టైమంతా యాప్ మింగేస్తోంది.

అన్నట్టు, అందులో చరిత్ర అనే ఆప్షన్ లేదు. 'ఇతరములు' నొక్కుతున్నాం.

రెండో ఫొటో అయ్యాక చివరి బెంచీ పిల్ల లేచింది. "1882లో చట్టం వస్తే 1922 దాకా ఊరుకున్నారా సార్?"

ఊరుకోలేదమ్మా, చట్టానికి ముందే లేచారు అని, 1879లో కల్లు పన్ను మీద మన్యంలో లేచిన ఫితూరీ దగ్గర్నుంచి ఎత్తుకున్నాను. గంట కొట్టినా పిల్లలు కదల్లేదు.

మూడో ఫొటో ఏదని సాయంత్రం సంజాయిషీ అడిగారు.