నాచే కానీ నీచు కాదు

మనవైపు నాచు పేరెత్తితే బావిమెట్లు, విరిగిన నడుము గుర్తొస్తాయి. జపానువాళ్లకు మాత్రం భోజనం గుర్తొస్తుంది. 701 నాటి తైహో చట్టాల కాలంలోనే సముద్రపు నాచును అక్కడి సర్కారు పన్ను కింద జమకట్టుకునేదట. శిస్తు కట్టవయ్యా అంటే గంపెడు నాచు తెచ్చి కుమ్మరించినా కిమ్మనకుండా పుచ్చుకున్న దేశం!

టోక్యోలో మా అక్క వంటింట్లో ఈ నాచుల సంతతిని వరసగా చూశాను. నోరి అందరికీ తెలిసిందే, సుషీకి చుట్టే నల్లటి పలచటి రేకు. గడుసుది వకామె. ఎండినప్పుడు టీపొడిలా అమాయకంగా ఉంటుంది. "ఈ చిటికెడు ఏ మూలకి?" అంటూ మా బావగారు గుప్పెడు తీసి నీళ్లలో పోశారు. అదేమో పదింతలు ఉబ్బే సరుకు. కాసేపటికి గిన్నె నిండి, గట్టెక్కి, సింకులోకి దిగింది. ఆ వారమంతా మిసో సూపులోనూ అదే, సలాడ్‌లోనూ అదే, చివరికి పెసరట్టు మీదా అదే.

ఈ వంశానికి పెద్దదిక్కు కొంబు. హొక్కయిడో చల్లటి సముద్రంలో పెరుగుతుంది. ఎండిన ముక్క మీద తెల్లటి పొడి ఉంటుంది. బూజనుకుని బావగారు కుళాయి తిప్పబోతే అక్క చెయ్యి పట్టుకుంది. "కడక్కండి, రుచి పోతుంది. తడిగుడ్డతో తుడిస్తే చాలు." దాన్ని చన్నీళ్లలో నానేసి, సన్నసెగన పెట్టి, మరగబోయే ముందు తీసేయాలి. ఆ నీళ్లే దాషి, జపాను వంటకు పునాది. 1908లో టోక్యో ఇంపీరియల్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు కికునాయె ఇకెదా ఆ రుచి గుట్టు లాగితే గ్లూటమేట్ బయటపడింది. ఆ రుచికి ఉమామి అని పేరు పెట్టాడు. మన వీధి చివర నూడుల్స్ బండి మీది టేస్టింగ్ సాల్టుకు పుట్టిల్లు ఈ కొంబే.

ఫోన్లో అమ్మకు అనుమానం. "సముద్రంలోదంటున్నావు, నీచు కాదు కదరా?"

"నాచేనమ్మా, నీచు కాదు."

నిజమే, కాకపోతే సహవాసదోషం ఉంది. దాషిలో చాలాసార్లు కొంబు పక్కన కత్సువొబుషి అనే ఎండుచేప తురుము చేరుతుంది. బౌద్ధమఠాల షోజిన్ వంటలో మాత్రం చేపకు చోటు లేదు, ఎండు షీటాకే పుట్టగొడుగులే దిక్కు. స్వాములవార్లు కూడా తింటారని చెప్పాకే అమ్మ కుదుటపడింది.

వచ్చేటప్పుడు ఓ కొంబు కట్ట తెచ్చి, ఆ నీళ్లతో పప్పుచారు పెట్టాను. అమ్మ మారు పోయించుకుని, గిన్నె అడుగు కూడా గీకించి, గొంతు తగ్గించింది.

"అక్కని ఇంకో కట్ట పంపమను. పక్కింటివాళ్లు అడిగితే మాత్రం ఇంగువ మార్చామని చెప్పు."