మూడో బిడ్డ, మూడో పేరా

ప్రభుత్వం పాపసంకీర్తనం చేయగా ఎప్పుడైనా చూశారా? నేను చూశాను, 2024 నవంబరులో. ఇద్దరికి మించి పిల్లలుంటే సర్పంచిగా నిలబడకూడదని 1994 నుంచీ పంచాయతీ చట్టంలో ఉన్న నిబంధనను మన ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ తీసేసింది. ముప్పై ఏళ్ల నాటి పాపం! ఇంత పాతదానికి ఏ ఫాదరుగారైనా మూడు జపమాలలకు తక్కువ ప్రాయశ్చిత్తం వెయ్యరు. ఇక్కడ ప్రాయశ్చిత్తం కూడా మనకే లాభంగా వచ్చింది. 2025 మార్చిలో విజయనగరం ఎంపీ కలిశెట్టి అప్పలనాయుడు గారు, మూడో కాన్పులో ఆడపిల్ల పుడితే 50 వేల డిపాజిట్టు, మగపిల్లాడైతే ఆవు ఇస్తానన్నారు. అదీ తన జీతంలోంచి.

కతోలికులకు మాత్రం ఇదంతా పాత పాటే. కృత్రిమ గర్భనిరోధం కూడదని ఆరవ పౌలు పోపుగారు 1968లోనే విశ్వలేఖ రాశారు. అప్పుడు మన గోడల మీదేమో కుటుంబ నియంత్రణ ఎర్ర త్రికోణం ఉంది. కొల్లేటి లంకలో ఉండే మా పిన్నికి రెండు వైపుల సంగతీ తెలుసు. ఆదివారం ఉపదేశిగారు ఒకటి చెప్పారు, సోమవారం నర్సమ్మ ఇంకొకటి చెప్పింది. పిన్ని నర్సమ్మ మాట విని ఆపరేషన్ చేయించుకుంది, ఉపదేశిగారికి కొర్రమీను పులుసు పెట్టింది. ఇద్దరూ సంతోషించారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కన మన రాష్ట్రంలో నూటికి దాదాపు 70 మంది వివాహిత స్త్రీలు కు.ని. ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే. వాళ్లలో జపమాల తిప్పేవాళ్లు లేరనుకునే అమాయకులకు నా నమస్కారం.

ఇప్పుడు సర్కారు గుడి వైపు జరిగింది. భక్తితో కాదు లెండి. ఆ సర్వే లెక్కనే సంతాన రేటు 1.7కి పడింది. పైగా నియోజకవర్గాల పునర్విభజనలో దక్షిణాదికి సీట్లు తగ్గుతాయన్న బెంగ ఒకటి. ఫాదరుగారికి ఆత్మలు కావాలి, ముఖ్యమంత్రిగారికి సీట్లు కావాలి, రెండూ పిన్ని ఇంటి నుంచే రావాలి. రోమ్ కూడా ఒక్క మాట మీద ఉన్నట్టు లేదు. మంచి కతోలికులు కుందేళ్లలా కనక్కర్లేదని ఫ్రాన్సిస్ పోపుగారు 2015 జనవరిలో విమానంలోనే విలేకరులకు చెప్పారు. 2021లో కేరళలోని పాలా మేత్రాసనం, ఐదుగురు, ఆపైన పిల్లలున్న ఇంటికి నెలకు 1,500 రూపాయలిస్తామంది. విమానంలో అన్న మాట పాలా దాకా దిగినట్టు లేదు.

మా కొల్లేటి ఆటపాక గూడబాతుల్ని చూడండి. తన రొమ్ము చీల్చి పిల్లలకు రక్తం తాగించే పక్షి అని పాత గుళ్ల పీఠాల మీద క్రీస్తుకు గుర్తుగా చెక్కిన పక్షి జాతి అది. మూడు నాలుగు గుడ్లు పెడుతుంది. దానికి ఎవరూ ఆవునివ్వలేదు. కులమేదని అడగనూ లేదు.

కులం దగ్గరికే వస్తున్నాను. మాకు ఆగస్టు 10 ఒక వింత తారీఖు. 1971లో ఆ రోజే గర్భస్రావ చట్టం వచ్చింది. 1950లో ఆ రోజే ఎస్సీల జాబితా మీద రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చింది. దాని మూడో పేరా, హిందువు కానివాడు ఎస్సీ కాడంది. 1956లో సిక్కులకూ, 1990లో బౌద్ధులకూ ఆ తలుపు తెరిచారు. మాల, మాదిగ క్రైస్తవులు బయటే ఉన్నారు. 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ తెరవమంది. 2022లో బాలకృష్ణన్ కమిషన్ వేశారు, గడువు పొడిగించారు. 2023 మార్చిలో మన అసెంబ్లీ కూడా తీర్మానం చేసి ఢిల్లీకి పంపింది. పుట్టని బిడ్డ మీద నేను విన్న ప్రసంగాలు నలభై నిమిషాలకు తగ్గవు. పుట్టిన బిడ్డ కుల పత్రానికొచ్చేసరికి ఆగస్టు 10న ఒక నల్ల బ్యాడ్జీ, గుండుసూదితో సహా. అయినా మా తిరుసభ ఇల్లు మాత్రం ఏం చక్కగా ఉంది! భారతీయుడి తల మీదికి కార్డినల్ టోపీ 1953లోనే వచ్చింది. దళితుడి తల మీదికి, అంటే మన పూల అంతోని గారి తల మీదికి రావడానికి 2022 దాకా పట్టింది.

తాడేపల్లిగూడెంలో కాపురముంటున్న పిన్ని కూతురికి ఇప్పుడు ఆరో నెల. మూడో కాన్పు. మొన్న ఆదివారం పూజ అయ్యాక పిన్ని నన్ను పక్కకు పిలిచింది.

"ఒరే అబ్బాయ్, ఆ ఆవు విజయనగరం దాటి మన దాకా వస్తదా? వచ్చినా ఎక్కడ కట్టేస్తాంరా, ఊరి చుట్టూ చేపల చెరువులేగా?"

"ఎంపీ గారినే అడగాలి పిన్నీ."

"సరే, అది పోనీ. పిల్లోడికి జ్ఞానస్నానం చేయిస్తే సర్టిఫికెట్టులో ఏం రాస్తారు?"

దానికి మాత్రం ఎవరినీ అడగక్కర్లేదు. ఎస్సీలకు 15 శాతం రిజర్వేషన్. పిల్లోడు బీసీ-సి. ఒక శాతం.