పిల్లల్లేని బడే మేలైన బడి

2025 గురుపూజోత్సవం దగ్గరపడుతున్న వేళ కేంద్ర విద్యాశాఖ తీపి కబురు చెప్పింది. దేశంలోని బడుల వివరాలు చెప్పే 2024-25 యూడైస్ ప్లస్ లెక్కలు మీరూ చూసే ఉంటారు. దేశంలో టీచర్ల సంఖ్య మొదటిసారి కోటి దాటింది. రెండో తరగతి దాకా పదిమంది పిల్లలకు ఒక టీచరు. మూడు నుంచి ఐదు దాకా 13 మందికి ఒకరు, ఆరు నుంచి ఎనిమిది దాకా 17 మందికి ఒకరు, ఆపైన 21 మందికి ఒకరు. జాతీయ విద్యావిధానం అడిగింది 30 మందికి ఒకరిని. ప్రభుత్వం అడిగినదానికి మించి ఇచ్చిందన్నమాట.

సంతోషమే. కానీ ఇంతటి ఘనతకు తమవంతు సాయం చేసినవాళ్లకు ఆ ప్రకటనలో ఒక్క దండ కూడా పడలేదు. నా కడుపుమంట అదే.

వాళ్లెవరంటారా? అవే లెక్కల్లో 7,993 బడులున్నాయి. వాటిలో ఒక్క పిల్లా లేదు, ఒక్క పిల్లాడూ లేడు. టీచర్లు మాత్రం 20,817 మంది ఉన్నారు. నిష్పత్తి లెక్కలో పైన పిల్లలుంటారు, కింద టీచర్లుంటారు. పైసంఖ్యకు పైసా బరువు వేయకుండా కిందిసంఖ్యకు ఇరవై వేల పైచిలుకు చేర్చిన ఈ బడుల త్యాగాన్ని ఎవరూ గుర్తించలేదు. గుర్తించకపోగా, ఇలాంటి బడులు ఏడాదిలో 38 శాతం తగ్గాయని గొప్పగా చెప్పుకున్నారు. నిండుగా కాస్తున్న చెట్టును నరికి కట్టెలు లెక్కపెట్టుకున్నట్టుంది.

ఇలాంటి బడుల్లో మొదటి స్థానం పశ్చిమ బెంగాల్‌ది, 3,812 బడులు. రెండో స్థానం మన తెలంగాణది, 2,245. బెంగాల్ ఆ బడుల్లో 17,965 మంది టీచర్లను చూపించింది. తెలంగాణ చూపించింది 1,016 మందిని. అంటే బడికి సగం టీచరు కూడా రాలేదు. పొదుపులో మనవాళ్లు మొదటినుంచీ ముందే కదా. పిల్లలే లేరు కాబట్టి ఆ సగం టీచరు మీద కూడా భారమేమీ పడలేదు.

అందుకే ఈ వారం నా ప్రతిపాదన ఒక్కటే. పిల్లల్లేని ఈ సున్నా బడిని జాతీయ ఆదర్శ పాఠశాలగా ప్రకటించాలి. తొందరపడి నవ్వకండి. చదువులో దేశం ఎంత ముందుకెళ్లిందో తూచేటప్పుడు పెద్దలు మూడు మాటలు వాడతారు: అందరికీ చదువు, సమానంగా చదువు, నాణ్యమైన చదువు. ఈ మూడింటి దగ్గరా సున్నా బడికి ఎదురులేదు.

మొదటిది అందరికీ చదువు. ఆ బడిలో పేరున్నవాళ్లలో బడి మానేసినవాళ్లు ఒక్కరూ లేరు. మిగతా దేశంలో ఆరు నుంచి ఎనిమిది తరగతుల మధ్య నూటికి 3.5 మంది, తొమ్మిది నుంచి పన్నెండు మధ్య 8.2 మంది బడి మానేస్తున్నారు. ఈ జాడ్యం సున్నా బడి గడప తొక్కలేదు.

రెండోది సమానత్వం. ఇక్కడ ఆడపిల్లలకూ మగపిల్లలకూ తేడా రవ్వంత లేదు. ఎస్సీ, ఎస్టీ పిల్లలకూ మిగతావాళ్లకూ మధ్య అంతరం లేదు. రాజ్యాంగం కోరిన సమానత్వాన్ని ఇంత తక్కువ ఖర్చుతో, ఒక్క కమిటీ కూడా వేయకుండా సాధించిన సంస్థ దేశంలో మరొకటి ఉంటే చూపించండి.

మూడోది నాణ్యత. సున్నా బడిలో చదవలేని పిల్ల లేదు, కూడికలు రాని పిల్లాడు లేడు. ఇక సదుపాయాలు చెప్పనే అక్కర్లేదు. మరుగుదొడ్లు శుభ్రంగా ఉంటాయి. మధ్యాహ్న భోజనంలో పురుగు వచ్చిందని ఫొటోలు రావు. పాఠ్యపుస్తకాలు ఆగస్టుకు వచ్చినా, సంక్రాంతికి వచ్చినా ఆలస్యమన్నవాడు లేడు. మిగతా దేశంలో కంప్యూటరున్న బడులు నూటికి 65 అయినా లేవు. సున్నా బడిలో కంప్యూటర్ లేదని ఏడ్చే పిల్లలే లేరు.

ఒక్క తనిఖీకి వెళ్తే అధికారులకు కూడా ఈ నిజం తెలిసొస్తుంది. ఆ సంభాషణ ఇలా సాగుతుందని నా ఊహ.

“పిల్లలెంతమంది సార్?”

“సున్నా సార్.”

“మరి హాజరు ఎంతని రాయాలె?”

“రాకుండ ఉన్నోళ్లు ఒక్కరు లేరు సార్. నూరు రాసుకోండ్రి.”

“ఆడపిల్లలు తక్కువున్నరా?”

“ఇద్దరూ సమానమే సార్.”

“రెండో తరగతి పాఠం చదవరానోళ్లు?”

“దేవుని దయవల్ల ఒక్కరు లేరు.”

“శభాష్. మరేమన్న ఇబ్బందులున్నయా?”

“ఒక్కటే సార్. నిన్న కింది వాడ నుంచి ఒకామె పిల్లను పట్టుకొచ్చింది, బడిల చేర్చుకొమ్మని.”

“చేర్చుకున్నరా ఏంది?”

“ఎట్ల చేర్చుకుంట సార్! రేపు ఆ పిల్లకు జరమొచ్చి రాకుంటే మన హాజరు నూరు నుంచి సున్నాకు పడ్తది.”

సున్నా బడికి శత్రువు ఎవరైనా ఉన్నారంటే ఆ కింది వాడ తల్లే. ఆ తర్వాత అసర్ సర్వే వాళ్లు. వాళ్లు బడి రిజిస్టరు అడగరు. పల్లెల్లో ఇల్లిల్లూ తిరిగి పిల్లల చేతికి ఒక కాగితమిచ్చి చదవమంటారు. 2024లో అలాగే తిరిగి, సర్కారు బడిలో ఐదో తరగతి చదివే పల్లె పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్లు నూటికి 44.8 మందేనని తేల్చారు. బడిలో లేని పిల్లలు ఇంట్లో దొరికిపోతే ఎలా? ఈ లొసుగును సర్కారు వెంటనే సరిదిద్దాలి.

నా సూత్రం కొత్తదేమీ కాదని కూడా మనవి చేస్తున్నాను. పిసా అనే అంతర్జాతీయ పరీక్షను 2009 విడతలో మన తరఫున తమిళనాడు, హిమాచల్ ప్రదేశ్ పిల్లలు రాశారు. 74 చోట్ల రాస్తే ఈ రెండూ అట్టడుగుకు కాస్త పైన తేలాయి. ఆ తర్వాత 2012లో, 2015లో, 2018లో, 2022లో మనం ఆ పరీక్షకు కూర్చోలేదు. రాయనివాడు తప్పినట్టు చరిత్రలో లేదు. దేశం మొత్తం ఆ నాలుగుసార్లూ చేసింది, ఈ 7,993 బడులు ఏటా పట్టుదలగా చేస్తున్నాయి.

ఇక రాష్ట్రాలకు వెయ్యి మార్కులకు గ్రేడ్లిచ్చే పీజీఐ సూచీ సంగతి. పైన ‘దక్ష’, అట్టడుగున ‘ఆకాంక్షి-3’, మొత్తం పది మెట్లు. ఎవరికీ తప్పినట్టు రాయని ప్రోగ్రెస్ కార్డు ఇది. 2023-24లో పై నాలుగు మెట్లూ ఖాళీ. ఐదో మెట్టు మీద చండీగఢ్ ఒక్కటే నిలబడింది. ఖాళీ మెట్లకు ఖాళీ బడులకన్నా తగినవి ఏముంటాయి? 7,993 బడులనూ ఏకంగా ‘దక్ష’ మీద కూర్చోబెట్టేస్తే దేశం పరువు నిలబడుతుంది.

అసలు ఈ పద్ధతిని దేశమంతటికీ విస్తరిస్తే 2030 నాటికి సాధిస్తామని ఐక్యరాజ్యసమితికి మాటిచ్చిన చదువు లక్ష్యాలు గడువుకు ముందే పూర్తవుతాయి. అడ్డంగా ఉన్నది 24.69 కోట్ల మంది పిల్లలు మాత్రమే. 2021-22లో వీళ్లు 26.52 కోట్లుండేవాళ్లు. బడివారీగా కాక పిల్లవారీగా పేరుపేరునా లెక్కపెట్టడం మొదలెట్టాక కోటిన్నర దాటి తగ్గారు. పిల్లలు తగ్గేకొద్దీ నిష్పత్తి మెరుగవుతుంది. నిష్పత్తి మెరుగైతే ప్రకటన వస్తుంది. ప్రకటన వస్తే మనకు కావాల్సిందేముంది?

అయితే ఒక మొండిఘటం ఉంది. అది సున్నా బడి కాదు. అదే నివేదికలో, కోటి టీచర్ల డప్పు మోతలో వినపడకుండా పోయిన ఇంకో అంకె. ఒక్క టీచరుతో నడిచే బడులు 1,04,125. వాటిలో చదివే పిల్లలు 33,76,769 మంది. ఈ జాబితాలో దేశానికే మొదటి స్థానం ఆంధ్రప్రదేశ్‌ది. 12,912 బడులు.

ఇక్కడ నాకు వెటకారం చేతకావడం లేదు.

పదిమందికి ఒక టీచరు ఉన్నాడని మురిసిపోయిన ఈ దేశంలో, ఆ బడుల్లో సగటున 32 మందికి ఒక్కరున్నారు. పైగా ఆ 32 మంది ఒక తరగతి వాళ్లు కారు. చాలాచోట్ల ఒకటి నుంచి ఐదు దాకా ఐదు తరగతులు, ఒకే గది, ఒకే బోర్డు. ఒకటో తరగతికి అక్షరాలు దిద్దిస్తుంటే ఐదో తరగతి భిన్నాలు ఎదురుచూస్తుంటాయి. వంట దగ్గరికి వెళ్లాల్సింది ఆయనే. యాప్‌లో హాజరు ఎక్కించాల్సింది ఆయనే. ఓటర్ల జాబితా పట్టుకుని ఇళ్లు తిరగాల్సిందీ చాలాచోట్ల ఆయనే. మండల కేంద్రంలో మీటింగ్ ఉంటే బడికి తాళం. ఆయనకు జ్వరమొస్తే బడికి సెలవు. పోనీ కూర్చుని పాఠం చెబుదామంటే యూడైస్ ఫారం నింపాలి. దేశం ఎంత ముందుకెళ్లిందో కొలవడానికి ఆ 32 మంది పాఠం ఆ పూటకు ఆగిపోవాలి.

ఒక్క టీచరు బడి అన్యాయమని ఇవాళే కొత్తగా తెలిసిందా? 1987లోనే ఆపరేషన్ బ్లాక్‌బోర్డ్ అని పథకం పెట్టారు. ప్రతి ప్రాథమిక బడికీ కనీసం రెండు గదులు, కనీసం ఇద్దరు టీచర్లు ఉండాలని దాని లక్ష్యం. అప్పుడు ఒకటో తరగతిలో ఉన్న పిల్లకు ఇప్పుడు నలభై నాలుగేళ్లు దాటుంటాయి. అంతకు ముందు రాజ్యాంగం పదేళ్లలో, అంటే 1960కల్లా, పద్నాలుగేళ్లలోపు పిల్లలందరికీ ఉచిత నిర్బంధ విద్య అందించడానికి ప్రయత్నించాలంది. ఆ గడువు దాటి అరవై అయిదేళ్లకు పైనే అయింది.

ఆంధ్రాలో 2022లో జీవో 117 పేరిట చాలా బడుల నుంచి మూడు, నాలుగు, ఐదు తరగతులను హైస్కూళ్లకు తరలించారు. మిగిలిన ఒకటి, రెండు తరగతులకు ఒక్క టీచరు మిగిలారు. 2025లో ఆ జీవో రద్దయింది, ఆరు రకాల బడులు తొమ్మిది రకాలయ్యాయి. పార్టీలు మారాయి, జీవోలు మారాయి, బోర్డు మీద బడి పేరు మారింది. గిరిజన గూడెంలో, తండాలో, ఊరి చివరి కాలనీలో పలక పట్టుకుని కూర్చున్న పిల్ల ఎదురుగా మాత్రం ఒక్కరే ఉన్నారు. చాలా రోజుల్లో ఆ ఒక్కరూ ఉండరు.

సున్నా బడి ఆకాశం నుంచి ఊడిపడలేదు. ముందు ఇద్దరు టీచర్లలో ఒకరిని డిప్యుటేషన్ మీద పంపేస్తారు. మిగిలిన ఒక్కరు ఐదు తరగతులకు చాలరని తల్లిదండ్రులకు ఆరు నెలల్లో అర్థమవుతుంది. కూలికి వెళ్లే తల్లి అప్పుచేసి పిల్లను ప్రైవేటు బడి వ్యాన్ ఎక్కిస్తుంది. అప్పు పుట్టనివాళ్ల పిల్లలే మిగులుతారు. వాళ్లు పదిమంది అవుతారు, ఐదుగురవుతారు. అప్పుడు ‘పిల్లలు రావడం లేదు’ అని ఫైల్లో రాస్తారు. పిల్లలు రాలేదని బడి మూతపడినట్టు రికార్డులో ఉంటుంది. బడిలో చదువు లేదని పిల్లలు వెళ్లిపోయినట్టు ఏ రికార్డులోనూ ఉండదు. ఇవాళ్టి ఒక్క టీచరు బడే రేపటి సున్నా బడి. ఈ రెండు అంకెలనూ రెండు వేర్వేరు పేరాల్లో అచ్చువేసి, రెండూ తగ్గాయని సంబరపడటం పచ్చి మోసం.

తగ్గాయా? తగ్గాయి. ఒక్క టీచరు బడులు ఏడాదిలో 1,10,971 నుంచి 1,04,125కు దిగాయి. ఇదే నడక సాగితే మిగతావి పోవడానికి ఇంకో పదిహేనేళ్లు పడుతుంది. ఇవాళ ఒకటో తరగతిలో చేరిన పిల్లకు అప్పటికి ఇరవయ్యొకటో ఏడు. ఆమె బాల్యం తిరిగిరాదు.

విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. అరవైమంది లోపు పిల్లలున్న ప్రాథమిక బడికైనా ఇద్దరు టీచర్లు ఉండాలని ఆ చట్టం షెడ్యూల్లో రాసి ఉంది. సగటున ఇద్దరని లేదు, దేశం మొత్తం మీద ఇద్దరని లేదు. బడికి ఇద్దరు అని ఉంది. అయ్యా, మీ దగ్గర కోటి మంది టీచర్లున్నారని మీరే చెప్పారు. ముందు ఆ బడులకు రెండో టీచర్ని పంపండి. నిష్పత్తి గొప్పలు ఆ తర్వాత చెప్పుకుందురుగాని.