మూడు కొటేషన్లు, డెబ్బై జామీన్లు

నేను కాంట్రాక్టు మీద పనిచేస్తూ కాంట్రాక్టులు చూసుకునే మనిషిని. కోర్టులో స్వీపర్లు, జనరేటరు, జిరాక్సు మిషను, వాటరు క్యాన్లు, రికార్డు రూములో చెదలమందు - ఏ ఒప్పందానికి ఎప్పుడు గడువు తీరుతుందో నాకు నోటికొచ్చు. నా గడువు ఎప్పుడు తీరుతుందో మిగతా అందరికీ నోటికొచ్చు. ఏ కోర్టో చెప్పను. చెబితే రెన్యువలప్పుడు ఎవరికో ఒకరికి గుర్తొస్తుంది.

ఈ ఉద్యోగాన్ని కన్నది 13వ ఆర్థిక సంఘం. 2010 నుంచి 2015 దాకా న్యాయవ్యవస్థకని 5,000 కోట్లు సిఫారసు చేసి, అందులో 300 కోట్లు కోర్టు మేనేజర్లకని పక్కన పెట్టింది. జడ్జిగారు తీర్పు రాసుకోవాలా, ఫ్యాను తిరగడం లేదని ఎలక్ట్రీషియను వెంట పడాలా అన్నది అప్పటి ప్రశ్న. ఎంబీఏ చదివినవాణ్ణి పెడితే ఫ్యాను దానంతటదే తిరుగుతుందని జవాబు వచ్చింది. ఐదేళ్లకు సంఘం గడువు తీరింది. కొన్నిచోట్ల మేనేజర్ల గడువూ దాంతోపాటే తీరింది. మిగిలినవాళ్లం ఏడాదికోసారి బతుకుతున్నాం.

చేరిన కొత్తలో సిరస్తదారు గారు నన్ను కిందా మీదా చూశారు. ఇన్నేళ్లూ ఆయనా, నాజరూ కలిసి నడిపిన బండి మరి.

"ఏం చదివావబ్బా?"

"ఎంబీఏ సార్."

"దాంట్లో ఇండెంటు రాయడం చెప్తారా?"

"లేదు సార్."

"మరి ఏం చెప్తారు?"

"నాయకత్వం సార్."

"అది ఇక్కడ చానామందికి ఉంది. ఇండెంటు నేర్చుకో."

నేర్చుకున్నాను. ఇండెంటు తర్వాత కొటేషను. చిన్న కొనుగోలుకు మూడు కొటేషన్లుండాలి. పోటీ ఉంటే ధర తగ్గుతుందని శాస్త్రం. మా ఫినాయిలు అన్న ఆ మూడూ ఒక్కడే మోసుకొస్తాడు. ఒకటి తన పేర, ఒకటి బామ్మర్ది పేర, ఒకటి పెళ్లాం పేర. మూడింట్లోనూ ఫినాయిలు ఒకే అక్షర దోషంతో ఉంటుంది. ఆమె రేటు మాత్రం ఎప్పుడూ ఎక్కువే.

"ఏందన్నా, అక్క ఇంత వేసింది?"

"ఇంట్లో కూడా అంతే సార్. తగ్గదు."

ఇదంతా చూసి సాయంత్రం లోకల్ రైలెక్కి తిరువాలంగాడు చేరతాను. స్టేషను ఒక చోట, ఊరు ఇంకో చోట. ఆ మధ్య దూరంలో షేరు ఆటోలో మోకాళ్లు ముడుచుకుని కూచుంటే, టెండర్లంటే ఏమిటో మా ఊరికి ఎవరూ చెప్పక్కర్లేదనిపిస్తుంది. శివుడూ కాళీ నాట్యంలో పోటీ పడింది ఇక్కడే. అంతవరకూ ఇద్దరిదీ సమానమే. అప్పుడు స్వామి జారిన చెవిపోగును కాలివేలితో అందుకుని, ఆ కాలు నిలువునా పైకెత్తి చెవికి తగిలించుకున్నాడు. కాళి సిగ్గుపడి ఆగిపోయింది. భక్తులు దీన్ని ఊర్ధ్వతాండవం అంటారు. మా ఆఫీసులో అయితే, ఒక బిడ్డరుకు మాత్రమే సాధ్యమయ్యే షరతును ఆట మధ్యలో చేర్చారని ఆడిట్ అభ్యంతరం వచ్చేది. స్వామి నాట్యమాడిన రత్నసభ కాబట్టి చెల్లింది.

అసలు పాఠం మాత్రం ధరావతు దగ్గరే ఉంది. కాంట్రాక్టరు పని ఎగ్గొట్టకుండా ముందే కొంత డబ్బు డీడీ తీసి ఇస్తాడు. ఈ సంగతి మా అవ్వకు చెబితే నవ్వింది. పక్కనున్న పళయనూరు నీలి కథ ఆమెకు నిన్న జరిగినట్టే ఉంటుంది. కంచి వర్తకుడొకడు ఈ దారిన వస్తుంటే, పోయిన జన్మ పగ తీర్చుకోడానికి నీలి అనే దెయ్యం ఆడమనిషి వేషంలో వెంటపడింది. జెముడు కొమ్మను బిడ్డగా మార్చి చంకనేసుకుని, ఇతను నన్నొదిలేసిన మొగుడని పళయనూరు పెద్దల ముందు ఏడ్చింది. అతను దెయ్యమని మొత్తుకున్నా వినకుండా పెద్దలు ఇద్దర్నీ ఒకచోట ఉంచారు. నీకేమన్నా అయితే మా డెబ్బైమంది ప్రాణాలూ పూచీ అని వర్తకుడికి మాటిచ్చారు. తెల్లారేసరికి వర్తకుడు లేడు. డెబ్బైమందీ నిప్పుల్లో దూకారు.

వృత్తిరీత్యా నాకు బాధ కలిగేది, నీలి అడిగిందని వర్తకుడి చేతి కత్తి కూడా లాక్కున్నారే, అక్కడ. ఒక పార్టీ పెట్టిన షరతును రెండో పార్టీ వద్దంటున్నా ఒప్పేసుకున్నారు. పూచీకి గరిష్ఠ పరిమితీ రాసుకోలేదు.

"వాళ్లు మాటిచ్చారు, దూకారు. మీవోళ్లు పని ఎగ్గొడితే ఏం చేస్తారు నైనా?" అంది అవ్వ.

"డీడీ జప్తు చేయొచ్చవ్వా."

"చేశారా ఎప్పుడన్నా?"

"ముందు నోటీసివ్వాలి. వివరణ అడగాలి. వివరణ సరిపోలేదని ఇంకో నోటీసివ్వాలి. పైకి రాయాలి..."

"ఆ డెబ్బైమందికి మీ ఆఫీసే గానీ ఉండుంటే, ఈపాటికీ బతికే ఉందురు."

ఫైలు నిదానం మా తరం పుట్టించింది కాదని ఆమెకు చెప్పాలనిపించింది. రుజువు ఈ ఊళ్లోనే దొరికింది. 1905లో బయటపడ్డ తిరువాలంగాడు రాగి రేకులు 31. పళయనూరును ఇక్కడి స్వామికి రాసిస్తూ రాజేంద్ర చోళుడు తన పాలన ఆరో ఏట, అంటే సుమారు 1018లో, ఇచ్చిన ఆజ్ఞ వాటిమీద ఉంది. ఊరి పొలిమేర తేల్చడానికి ఆడ ఏనుగును నడిపించారు. సర్వేయరు సెలవు పెట్టే ప్రమాదం లేదు, ఏనుగుతో తగాదాకు దిగే పక్క పొలం రైతూ ఉండడు. ఇంతా చేసి, అదే రేకుల సంస్కృత ప్రశస్తి సముద్రం అవతలి కడారం గెలుపును కూడా పొగుడుతుంది. కడారం మీదికి ఓడలు వెళ్లింది 1025 ప్రాంతంలో! ఆర్డరు ఆరో ఏట, ముందుమాట ఆ తర్వాతెప్పుడో. చక్రవర్తి సంతకం పెట్టిన ఫైలే అన్నేళ్లు తిరిగితే, నా చెదలమందు బిల్లు నాలుగు నెలలు ఆగిందని గింజుకోవడం దేనికి?

చెప్పిన తేదీకి కదిలిన ఫైలూ ఒకటుంది. మా ఊరున్న తిరుత్తణి సీమ, ఆంధ్ర-మద్రాసు సరిహద్దు తగాదాలో పటాస్కర్ మధ్యవర్తిత్వం పుణ్యమా అని, 1960 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా నుంచి మద్రాసు రాష్ట్రానికి మారింది. ఏప్రిల్ ఒకటి కదా, మా తాత కొన్నాళ్లు నమ్మలేదు.

2025 మే 16న సుప్రీంకోర్టు మామీద దయ తలిచింది. హైకోర్టులు రూల్సు రాయాలి, రాష్ట్రాలు ఒప్పుకోవాలి, ఇప్పుడున్న కోర్టు మేనేజర్లకు అర్హత పరీక్ష పెట్టి క్రమబద్ధం చేయాలి అంది. వార్త చూసి సిరస్తదారు గారు మిఠాయి తెప్పించారు. బిల్లు నాకే ఇచ్చారు, మూడు కొటేషన్లు లేవని నేను వెనక్కి పంపాను. ఆ రోజే ఆయన నన్ను మొదటిసారి మెచ్చుకున్నారు.

ఆ రూల్సు నా దాకా వచ్చేలోపు మార్చి నెల వచ్చింది. 31తో ముగిసే ఒప్పందాల జాబితా తయారుచేయడం నా పనే. జనరేటరు, వాటరు క్యాన్లు, ఆ కింద నేను. 'పనితీరు' గడిలో పై రెండింటికీ 'సంతృప్తికరం' అని రాసి, మూడోది ఖాళీగా వదిలి పైకి పంపాను. జాబితా తిరిగొచ్చింది: గడులు ఖాళీగా ఉండరాదు.

క్యాన్లు దించుతున్నతను అది చూశాడు.

"వచ్చే ఏడు మీరుంటారా సార్? మీరుంటేనే నా బిల్లు కదులుద్ది."

"ఎవరన్నా పూచీ పడితే ఉంటా."

"ఎంతమంది కావాలి సార్?"

"మా ఊరి లెక్క డెబ్బై."

భుజమ్మీది క్యాను దించకుండానే కాసేపు ఆలోచించాడు. "మనుషులు కష్టం సార్. ఆధార్ జిరాక్సులైతే సాయంత్రానికి తెస్తా."